మీజీ లోయలో వాన

పోయిన వారం హావ్ జింగ్‌షాన్‌ని ప్రదర్శనశాల నడిమధ్య, చేతిలో తడి కుంచెతో వదిలిపెట్టాం. ఆ కుంచె ఆయనది కాదు. వచ్చిన పెద్దలు పేర్లు రాయడానికి గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టింది. ఎదురుగా గోడ మీద 'మీజీ లోయలో వాన' వేలాడుతోంది. ఆ బొమ్మ 1966లో చిత్రశాల వాకిట్లో కాలి బూడిదవడం ఆయన కళ్ళారా చూశాడు. మరి గోడ మీదున్నది ఏమిటి?

కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా షియాన్ నగరంలో పసుపుపచ్చ మన్ను కొండల్ని నల్ల సిరాతో గీసి పేరు తెచ్చుకున్న మనిషి జింగ్‌షాన్. దేశంలోని కొండల్ని నల్లగా చూపిస్తున్నాడన్న నేరం మోపి, నెత్తిన నేరస్థుడని రాసిన కాగితపు టోపీ పెట్టి, ఆయన్ని సభల్లో నిలబెట్టారు. అలాంటి ఒక సభలోనే కుడిచేతి వేళ్ళు పనికిరాకుండా పోయాయి. ఆ తర్వాత ఉత్తరాన ఒక పశువుల కొట్టానికి పంపారు. అక్కడే పేడ ఆరిన నేల మీద పుల్లతో ఎడమచేత్తో గీయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు, 1979 వసంతంలో, అదే చిత్రశాల ఆయన బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. రేపు సభ. మోపిన నేరాలన్నీ తప్పని చదివి, ఆ కాగితం ఆయన చేతికిస్తారు. ఈ ఏర్పాట్లన్నీ దగ్గరుండి చేసినవాడు గెంగ్ లిదే. ఒకప్పుడు ఆయనకి కొడుకులాంటి శిష్యుడు. తర్వాత ఆ సభల్లో అందరికంటే గట్టిగా అరిచినవాడు. ఇప్పుడు చిత్రశాల ఉపాధ్యక్షుడు.

ఉదయం నుంచీ జింగ్‌షాన్ కోపం ఆ బొమ్మ గురించి మాత్రమే కాదు. చిత్రశాల పార్టీ కార్యదర్శి పాంగ్ స్వాగతం చెబుతూ, "ఆ కష్టకాలంలో కామ్రేడ్ హావ్ చెయ్యి విరిగింది. అయినా ఆయన కళ ఆగలేదు. ఎడమచేతి గీతల్లో పసితనంలాంటి కొత్త అందం వచ్చింది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"విరిగిందా?" అన్నాడు జింగ్‌షాన్. చప్పట్లు అక్కడక్కడా ఆగాయి. "మెట్ల మీద జారిపడితే విరుగుతుంది. దీన్ని విరిచారు. విరిచినవాడికి ఒక పేరు ఉంటుంది."

ఆయన గెంగ్ వైపే చూస్తున్నాడు. గెంగ్ తన చేతిలోని టీ గ్లాసు వైపు చూసుకున్నాడు.

"ఆ రోజు టోపీ కళ్ళ మీదకి జారింది. నాకేమీ కనబడలేదు. కానీ నా మణికట్టు పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలిసింది. ఆ చేతికి కుంచె పట్టడం నేర్పింది నేను."

"పాత సంగతులు ఇప్పుడెందుకు, కామ్రేడ్," అన్నాడు పాంగ్ మెత్తగా. "ముందుకి చూద్దాం. అటు చూడండి, మీ పాత బొమ్మ. పోయిందనుకున్నది దొరికింది."

అలా చూపించిన బొమ్మ ముందే ఇప్పుడాయన నిలబడి ఉన్నాడు.

"ఎక్కడిదండీ ఇది, ఉపాధ్యక్షులు గారూ?" అని అడిగాడు. గెంగ్‌ని ఎన్నడూ 'మీరు' అనని మనిషి అలా అనేసరికి గెంగ్ మొహం కందిపోయింది.

"మీదే మాస్టారూ."

"నాది కాలిపోయింది. మీరూ అక్కడే ఉన్నారు. చేతులు చాచి చలి కాచుకున్నారో లేదో నాకు గుర్తులేదు."

"ఇంకోసారి చూడండి. దగ్గరగా చూడండి."

జింగ్‌షాన్ దగ్గరగా చూశాడు. పశువుల కొట్టంలో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని బతికించింది ఆ బొమ్మే. కళ్ళు మూసుకుంటే చాలు, మొత్తం కనబడేది. ఎడమ పక్క కోసుకుపోయిన మన్ను గట్టు, కింద రేగుచెట్లు, లోయలోకి వాలుగా దిగుతున్న వాన, మనిషి జాడలేని బాట. ఈ గోడ మీద అన్నీ ఉన్నాయి. కానీ బాట వంపు దగ్గర గోరంత ఆడమనిషి ఉంది. గొడుగు పట్టుకుని, ఒక భుజం కాస్త వంచి నడుస్తోంది. మొహం లేదు.

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి దగ్గరున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"దొంగబొమ్మ వేయించేవాళ్ళు కాస్త తెలిసినవాడి చేత వేయించాల్సింది. నా కొండల్లో మనుషులుండరు. నేను పెట్టను. ఇదెవరు? దారి తప్పి వచ్చిందా?"

"మాస్టారూ, అది..."

"నా కొండల్ని కాల్చారు. ఊరుకున్నాను. నా చెయ్యి విరిచారు, ఇంకోటి ఉందిలే అనుకున్నాను. ఇప్పుడు మీ కొండలకి నా పేరు తగిలిస్తారా?"

అంటూనే కుంచె ఎత్తాడు. బొమ్మలో పైన ఖాళీగా ఉన్న ఆకాశం మీద, ఎడమచేత్తో, పైనుంచి కిందికి రాశాడు. 'ఇది హావ్ జింగ్‌షాన్ గీసింది కాదు.' సిరా ఎక్కువై చివరి అక్షరం కిందికి జారింది. జారి, వానలో కలిసింది.

గెంగ్ ముందుకి దూకబోయి ఆగిపోయాడు. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఎంత పని చేశారు," అన్నాడు. అది గొణుగుడులా వినబడింది. "నేనేం చెప్పినా మీరు నమ్మరు. ఇంటికెళ్ళి అమ్మగారిని అడగండి." అని, టోపీ కూడా తీసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

పాంగ్ కార్యదర్శి మాత్రం కంగారు పడలేదు. జింగ్‌షాన్ పక్కకి వచ్చి, "అంటే గెంగ్ దగ్గర మీ పేరు మీద దొంగబొమ్మలు ఉన్నాయన్నమాట," అన్నాడు. "ఇంకొన్ని బొమ్మల చుట్టలు ఇంట్లో ఉన్నాయనీ, రేపు సభ అయ్యాక అప్పగిస్తాననీ తనే చెప్పాడు నాతో. ఇవాళే జీపు పంపించి తెప్పిస్తాను. మీకేమైనా అభ్యంతరమా?"

"పంపండి," అన్నాడు జింగ్‌షాన్. ఆ మాట అన్నప్పుడు ఒంట్లో పదమూడేళ్ళ బరువు దిగినట్టనిపించింది.

*

నగరపు కోట గోడ దక్షిణ ద్వారం లోపలి సందులో జింగ్‌షాన్ వాళ్ళ ఇల్లు. ఆయన వెళ్ళేసరికి భార్య సూచిన్ పిండి పిసుకుతోంది. పొయ్యి మీద నూనె కాగుతోంది. పక్కన గిన్నెలో మిరపపొడి, వెల్లుల్లి సిద్ధంగా ఉన్నాయి. పొద్దున ప్రదర్శనకి రమ్మంటే, "నువ్వు ముందు ఒక్కడివే చూసిరా, నేను తర్వాత వస్తాను," అంది. ఎందుకో చెప్పలేదు. పొద్దున నుంచీ ఆమె మొహంలో ఒక దాచుకున్న సంతోషం ఉంది. ఆయన అది గమనించలేదు.

"చూశావా?" అంది తల ఎత్తకుండానే.

"చూశాను. వాడి సిగ్గులేనితనం చూశాను. 'మీజీ లోయ'ని ఎవడిచేతో నకలు దింపించి గోడకి వేలాడదీశాడు. పైగా నా ముద్ర."

సూచిన్ చేతులు పిండిలోనే ఆగాయి.

"దింపించిందని నీకెలా తెలిసింది?"

"బాట వంపు దగ్గర మనిషిని పెట్టారు. నేను పెడతానా?"

"ఏ మనిషిని?"

"ఎవరో ఆడది. గొడుగేసుకుని."

"ఎవరో ఆడది," అంది సూచిన్.

నూనె పొగలు కక్కుతోంది. ఆమె దాన్ని దించలేదు. ఆయనే వెళ్ళి దించాడు. వెనక్కి తిరిగేసరికి ఆమె ఆయన్నే చూస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలాంటి చూపు చూడలేదు.

"మనం మీజీ వెళ్ళిన ఏడాది వాన పట్టుకుంది. నీ సిరా పెట్టె మోసుకుంటూ నీ వెనకాల ఆ బురదలో నడిచింది ఎవరు?"

ఆయన నూనె మూకుడు మీద మూత పెట్టాడు.

"పెట్టె బరువుకి నా భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది. రాత్రికి వాచింది కూడా. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నన్ను నీ బొమ్మలో పెట్టు అని అడిగాను. నాలుగు రోజులు అడిగాను. సరే పో, అని గోరంత మనిషిని పెట్టావు. మొహం కూడా గీయలేదు. అయినా నేను ఎగిరి గంతేశాను. మర్చిపోయావు కదా."

"అది కాలిపోయింది," అన్నాడు జింగ్‌షాన్. "నేను చూశాను. మంటల్లో చూశాను. దాంట్లో ఎవరూ లేరు."

"ఉండరు. అది నేను గీసింది."

ఆయన స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

సూచిన్ చేతులకంటిన పిండిని వేలు వేలుగా తీసుకుంటూ చెప్పింది. ఆ గొంతులో ఏడుపు లేదు. ఎన్నాళ్ళనుంచో లోపల పదును పెట్టుకున్న మాటల్లా వచ్చాయి. "నేనూ నీతో పాటే చిత్రకళ బడిలో చదివాను. గీతలో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. పెళ్ళయ్యాక ఒక గదిలో రెండు బల్లలకి చోటెక్కడ అన్నావు. నిజమే, లేదు. నేనే లేచాను. ఆ వేసవిలో, వాళ్ళు ఇంటిమీదకొస్తారని తెలిశాక, నువ్వు సభలకి వెళ్ళిన పూటల్లా నీ బల్ల దగ్గర కూర్చున్నాను. నీ బొమ్మలు ఒక్కొక్కటే చూసి నకలు గీశాను. వాళ్ళు పట్టుకెళ్ళి కాల్చినవన్నీ నావే. 'మీజీ లోయ'లో మాత్రం ఆ ఆడమనిషిని వదిలేశాను. ఎలాగూ కాలిపోయే బొమ్మతో పాటు నేనెందుకు కాలాలి అనుకున్నాను."

"అంటే పశువుల కొట్టంలో నేను..."

"నువ్వు అక్కడ కూర్చుని తలుచుకుని ఏడ్చింది నా బొమ్మని. నీది కాదు."

వాకిట్లో పక్కింటావిడ కోడిని అదిలిస్తోంది.

"అసలువి ఎవరికిచ్చావు?" అని అడిగాడు చివరికి. జవాబు తెలుస్తూనే ఉంది.

"సోదా జరగని ఇంట్లో పెట్టాలి. చేతికి ఎర్రగుడ్డ కట్టుకుని సోదాలు చేస్తూ తిరిగేవాడి ఇంట్లో ఎవడు వెతుకుతాడు? గెంగ్‌ని పిలిచి అడిగాను. ఏమీ అనకుండా రొట్టెల సంచిలో పెట్టుకుని పట్టుకుపోయాడు."

"వాడికా?" జింగ్‌షాన్ లేచి నిలబడ్డాడు. వంకర తిరిగిన కుడిచెయ్యి ఆమె మొహానికెదురుగా పెట్టాడు. "ఇది చేసినవాడికా?"

"అప్పటికింకా చెయ్యలేదు. తర్వాత చేశాడు. చేశాక ఒకరోజు గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. చుట్టలు తిరిగి తీసుకోండి అమ్మగారూ, నా దగ్గరుండొద్దు అన్నాడు. నేను తీసుకోలేదు. ఉంచుకో, అవి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నీకు కంటిమీద కునుకు పట్టకూడదు అన్నాను. పట్టలేదనే అనుకుంటున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"అప్పుడు చెప్తే నీ నోరు ఆగేదా? రెండు తగలగానే నా బొమ్మలు మీకు దొరకవని అరిచేవాడివి. తిరిగొచ్చాక చెబుదామని ఒకసారి గెంగ్ పేరెత్తాను. సూప్ గిన్నె గోడకేసి కొట్టావు. మరక ఇంకా పోలేదు, చూడు. సరే, బొమ్మని కళ్ళతో చూస్తే దానంతట అదే అర్థమవుతుంది అనుకున్నాను. నన్ను గుర్తుపడతావు అనుకున్నాను."

ఆమె చేతులు తుడుచుకుంది.

"దాన్నేం చేశావు?"

ఆయన చెప్పాడు. ఆకాశం మీద ఏం రాశాడో, ఎంత పెద్ద అక్షరాలతో రాశాడో చెప్పాడు. సిరా జారిన సంగతి కూడా దాచలేదు.

సూచిన్ పిండి ముద్దని రెండు చేతులా ఎత్తి బల్ల మీద కొట్టింది. గిన్నెలు ఎగిరిపడ్డాయి.

"గీసినప్పుడు మొహం లేకుండా గీశావు. ఇప్పుడు అదీ ఉండనివ్వలేదు."

ఇన్నేళ్ళూ కోపం ఆయన సొంత ఆస్తి. ఎవరిమీద ఎప్పుడు పడాలో ఆయనే చెప్పేవాడు. అది మొదటిసారి తనవైపు తిరిగి నిలబడింది. అయినా గెంగ్ మీద కోపం ఆవగింజంత తగ్గలేదు. కాగితాలు కాపాడినవాడూ వాడే. చెయ్యి విరిచినవాడూ వాడే. ఒకదాన్ని పట్టుకుంటే రెండోది జారిపోతోంది. రెండూ కలిపి పట్టుకోవడానికి మనిషికి ఎన్ని చేతులు కావాలి?

"మిగతావి ఇంకా వాడింట్లోనే ఉన్నాయి," అంది సూచిన్.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, జీపు.

*

గెంగ్ ఉండే చిత్రశాల ఉద్యోగుల వాడ డప్పు గోపురం వెనక ఉంది. బస్సు కోసం ఆగకుండా ఆయన నడిచాడు, సగం దూరం పరిగెత్తాడు. వెనక సూచిన్ వస్తోందో లేదో చూడలేదు. ఆ వాడ వాకిట్లో అడుగుపెట్టేసరికి ఇరుగుపొరుగువాళ్ళు మెట్ల మీద, కిటికీల దగ్గర గుమిగూడి ఉన్నారు. మధ్యలో బొగ్గుల పొయ్యి. దాని ముందు పీట మీద గెంగ్ లిదే. పక్కన పేర్చిన బొమ్మల చుట్టలు. ఒకటి ఒళ్ళో ఉంది. పొయ్యి మూత తీసి ఉంది. నీలిమంట కనబడుతోంది.

"ఇందాకట్నుంచీ చూస్తున్నామండీ," అంది మెట్ల మీదున్న ముసలావిడ జింగ్‌షాన్‌తో. "కాలుస్తానంటాడు, కాల్చడు. లెమ్మంటే లేవడు. పొయ్యి మీద మా నీళ్ళు కూడా కాగనివ్వడు."

గెంగ్ తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ మాట స్థిరంగానే ఉంది.

"జీపు వస్తోందని కబురొచ్చింది మాస్టారూ. దొంగబొమ్మలు ఇంట్లో దొరికితే జైలు. ఇవి మీవి కావని మీరే అన్నారు. మీవి కాకపోతే నావే కదా. నావి నేను కాల్చుకుంటే ఎవరికేం?"

"ఇటివ్వు."

"మీవని చెప్పండి. ఇందాక ఎంత గట్టిగా కాదన్నారో, అంత గట్టిగా ఈ జనం ముందు చెప్పండి."

"నువ్వా నన్ను చెప్పమనేది?" జింగ్‌షాన్ గొంతు వాకిలంతా వినబడింది. "ఇన్నేళ్ళలో నువ్వొక్కమాట చెప్పావా? చిత్రశాల మెట్ల మీద ఎదురైతే తల దించుకుని పోయావు. నా ప్రదర్శన పెట్టావు, గోడలకి సున్నం వేయించావు, పూలకుండీలు తెప్పించావు. ఆ పాంగ్ 'చెయ్యి విరిగింది' అంటే పక్కన నిలబడి టీ తాగావు. నాకు పూలకుండీలెందుకు?"

"నేను చెప్తే మీకేం వస్తుంది?"

"అది నేను చూసుకుంటాను."

గెంగ్ ఒళ్ళోని చుట్టని మంట దగ్గరికి జరిపాడు. అంచున ఉన్న పట్టుగుడ్డ వేడికి ముడుచుకుంది. జనంలో ఎవరో అయ్యో అన్నారు.

"ముందు మీరు," అన్నాడు గెంగ్.

జింగ్‌షాన్ దవడలు బిగుసుకున్నాయి. తప్పు ఒప్పుకోమని ఆయన్ని లెక్కలేనన్ని సభల్లో అడిగారు. ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. అందుకే వేళ్ళు పోయాయి. ఇప్పుడు అడుగుతున్నవాడు కూడా అప్పటివాడే.

"నావే," అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగి ఇంకా గట్టిగా అన్నాడు. "ఇవన్నీ నేను గీసినవే. అక్కడ గోడ మీదున్నదీ నాదే. నేను గుర్తుపట్టలేదు. నా బొమ్మని నా చేత్తోనే పాడుచేసుకున్నాను. వీటిని ఇన్నాళ్ళూ దాచింది వీడు. విన్నారు కదా?" మళ్ళీ గెంగ్ వైపు తిరిగాడు. "ఇప్పుడు నువ్వు చెప్పరా."

ఆ 'రా' విని గెంగ్ చుట్టని పొయ్యి మీద నుంచి తీసి జింగ్‌షాన్ చేతుల్లో పెట్టాడు. మిగతావి కూడా ఒక్కొక్కటే ఎత్తి ఇచ్చాడు. తర్వాత నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడాడు.

"ఆ రోజు మాస్టారి మణికట్టు పట్టుకుని బల్ల అంచుకి ఆనించింది నేను. సిరా నూరే రాయితో కొట్టిందీ నేనే. కొట్టకపోతే నన్ను కూడా పక్కన నిలబెట్టేవాళ్ళని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అది తర్వాత చెప్పుకున్నది. కొట్టేటప్పుడు నాకు భయం లేదు. అందరూ నా పేరు పెట్టి అరుస్తున్నారు. బాగుంది నాకు. అదే నిజం. ఇంకేం లేదు."

మెట్ల మీద ముసలావిడ చేత్తో నోరు మూసుకుంది.

ఈ మాట వినాలని జింగ్‌షాన్ ఎంతగా కోరుకున్నాడో చెప్పలేం. వింటే గుండెల్లో మేకు ఊడిపోతుందనుకున్నాడు. ఊడలేదు. 'బాగుంది నాకు' అన్న మాట ఇంకొంచెం లోపలికి దిగింది. చేతినిండా చుట్టలు లేకపోతే గెంగ్ చెంప పగిలేదే. కానీ ఒకటి నిజం. వాడు 'విరిగింది' అని కాలం మీదకి నెట్టెయ్యకుండా, నేనే చేశాను అన్నాడు. ఆ ఒక్కటీ చాలదు. అయినా ఇంతవరకూ ఈ నగరంలో ఎవడూ అనలేదు.

"అందరూ విన్నారుగా," అన్నాడు వెనక నుంచి ఎవరో.

పాంగ్ కార్యదర్శి. జీపు సందు మొదట్లో ఆగింది. ఇద్దరు మనుషులతో నడిచి వచ్చాడు. ఎంతసేపటి నుంచి నిలబడి వింటున్నాడో తెలియదు. మొహంలో ఉదయం ఉన్న అదే మెత్తని నవ్వు.

"మంచిదైంది, తన నోటితోనే ఒప్పుకున్నాడు. అప్పట్లో తప్పుచేసినవాళ్ళ పేర్లు పంపమని పైనుంచి నెలనెలా అడుగుతున్నారు. మా చిత్రశాల నుంచి ఒక్క పేరూ వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్తుంది. కామ్రేడ్ హావ్, రేపటి సభలో మీరు వేదికెక్కి వీడి నేరం చదువుతారు. వీడు మీ పక్కన నిలబడతాడు. చుట్టలు సాక్ష్యం కాబట్టి మా దగ్గరుంటాయి."

వచ్చినవాళ్ళలో ఒకడు గెంగ్ వెనక్కి వెళ్ళి, మెడ మీద చెయ్యి వేసి, కిందికి నొక్కాడు. గెంగ్ ఎదురు తిరగలేదు. నడుము వంచి నిలబడ్డాడు.

ఆ నొక్కుడు జింగ్‌షాన్ మెడకి తెలుసు. బొటనవేలు ఎక్కడ ఆనుతుందో, చూపు ఎక్కడ నేలకి తగులుతుందో ఆ మెడకి తెలుసు.

"చెయ్యి తియ్యి," అన్నాడు.

ఆ మనిషి పాంగ్ వైపు చూశాడు.

"ఇదంతా మీ కోసమే కదా, కామ్రేడ్ హావ్," అన్నాడు పాంగ్.

"నా కోసం ఎవడి మెడా వంచక్కర్లేదు. వీడితో తగువు నాది. వీణ్ణి నేను క్షమించలేదు, క్షమించను. రేపు కాదు, చచ్చేదాకా వీడి మొహం చూసి అడుగుతూనే ఉంటాను. కానీ ఆ వేదిక మీద ఇంకొకడు వంగి నిలబడితే, పక్కన నిలబడి కాగితం చదివేది నేను కాదు. చదవడానికి మీరున్నారుగా. ఆ రోజు టోపీ కళ్ళ మీదకి జారకముందు నేను చివరగా చూసింది మొదటి వరసలో మిమ్మల్ని. మీరూ టీ తాగుతూనే ఉన్నారు."

పాంగ్ మొహంలో నవ్వు ఉన్నచోటే ఉంది గానీ, కళ్ళలో లేదు.

"కోపంలో ఉన్నారు," అన్నాడు. "ఆలోచించి మాట్లాడండి. రేపు మీ చేతికివ్వాల్సిన కాగితం మీద ఇంకా ముద్ర వెయ్యలేదు. అది లేకపోతే మీరు ఇంకా అప్పటి నేరస్థుడే. మీ పేరు, ఇల్లు, జీతం, గోడల మీది బొమ్మలు, ఏవీ మీవి కావు. మళ్ళీ ఉత్తరానికి బస్సు ఎక్కడం ఎంత పని?"

జింగ్‌షాన్ చుట్టల్ని ఛాతీకి హత్తుకుని వాకిలి గుమ్మానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. జీపు దగ్గరికి వెళ్ళాలంటే ఆ గుమ్మం ఒక్కటే దారి. అప్పుడే సందులోంచి రొప్పుతూ సూచిన్ వచ్చింది. పిండి ఆరిపోయిన చేతులతోనే వచ్చింది. ఒక చూపులో అందరినీ చూసింది. వంగి నిలబడ్డ గెంగ్‌ని చూసింది. మొగుడి మొహం చూసింది. ఏమీ అడగకుండా ఆయన చేతుల్లోంచి సగం చుట్టలు తీసుకుని, పక్కన మిగిలిన ఖాళీలో నిలబడింది.

పాంగ్ గడియారం చూసుకున్నాడు. తర్వాత తన మనుషులకేసి తిరిగాడు.

"వాళ్ళని కూడా ఎక్కించండి," అన్నాడు.